ఈకల జోలికి ఇప్పుడే వెళ్లకు

బీవర్టన్, ఆరెగన్
అక్టోబరు, ఆదివారం

బావా,

నీ ఉత్తరమూ ఫోటోలూ అందాయి. అత్తయ్యగారు చేతికర్ర లేకుండా వాకిట్లో నడుస్తున్నారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. నువ్వు ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక ఇక్కడ ఆదివారాలు బోసిపోయాయి. అందుకే రాజమండ్రి అవతల మామిడితోటలో గడ్డిమోపులు పేర్చుకుని మళ్లీ విల్లు ఎక్కుపెట్టావని తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతి రెండు పేజీల్లో నువ్వు వెళ్లబోసుకున్న కష్టం మాత్రం మళ్లీ మళ్లీ చదివాను.

సొంతంగా చేసుకున్న డజను బాణాలూ తోక ఊపుకుంటూ పోతున్నాయి, సగం కుడికి పడుతున్నాయి, కొన్ని ఎడమకి, అయిదున్నర అంగుళాల ఈకలు అతికిస్తే ఊపు కాస్త తగ్గింది, ఇంకా పెద్దవి పంపగలవా అని అడిగావు. పంపను బావా. ఈక చేసే పని ఒక్కటే. గాలిని పట్టుకుని బాణం వెనక కొసని వెనకే ఉంచుతుంది. వంకరగా బయల్దేరిన బాణాన్ని కూడా కొంత దూరం పోయాక దారికి తెస్తుంది. కానీ ఎందుకు వంకరగా బయల్దేరిందో చెప్పదు, పైగా ఆ సంగతి నీ కంటబడకుండా కప్పేస్తుంది. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగి ఒళ్లు చల్లబరచుకోవడం లాంటిది ఇది. పెద్ద ఈకతో పన్నెండు గజాల్లో అంతా కుదిరిందనిపిస్తుంది. ముప్ఫై గజాలకి వచ్చేసరికి బాణం వేగం చచ్చి కిందకి దిగిపోతుంది, పక్కగాలికి ఇంకా ఎక్కువ కొట్టుకుపోతుంది. మీ వైపు వానల్లో ఈక తడిసి పుల్లకి అంటుకుపోయిన రోజున కప్పిపెట్టిన తప్పంతా మళ్లీ బయటపడుతుంది. నా మాట విని ఈకల సంగతి అన్నిటికన్నా చివర పెట్టు.

ముందు ప్రతి బాణం మీదా ఒక అంకె వెయ్యి, ఈకలకి కాస్త ముందు, సన్నగా. చెల్లెమ్మని పక్కన కూర్చోబెట్టి ఏ అంకె బాణం ఎటు పడిందో, ఎలా ఎగిరిందో రాయించు. వెనక నుంచి చూసేవాళ్లకి కనిపించినంత బాగా వేసేవాడికి కనిపించదు. ఎప్పుడూ అవే నాలుగైదు బాణాలు తోక ఊపుతుంటే తప్పు ఆ పుల్లల్లో ఉంది. అన్నీ ఒకే పక్కకి పోతుంటే పుల్లకీ వింటికీ జోడు కుదరలేదు. ఒకే బాణం ఒకసారి బాగా పోయి ఇంకోసారి చెడిపోతుంటే వేళ్లనీ, నారినీ అనుమానించాలి. నీ ఉత్తరంలో నాకు లోటుగా అనిపించింది ఇదే. ‘సగం కుడికి’ అన్నావు, అవి ఎప్పుడూ అదే సగమో కాదో చెప్పలేదు. ఈ ఒక్క సమాధానం దొరికితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

అంకెలు వేసేటప్పుడే ఒక్కో పుల్లనీ రెండు చేతులతో పట్టుకుని, ముఖానికి దూరంగా ఉంచి, కొద్దిగా వంచి చూడు. తిప్పుతూ అన్ని వైపులా వంచు. టిక్కుమని చిన్న చప్పుడు వచ్చినా, చర్మంలో గీత విచ్చుకున్నట్టు కనిపించినా ఆ బాణాన్ని అక్కడే విరిచి పారెయ్యి. దాచుకోకు, అతికించకు. మొన వెనక రెండు అంగుళాల మేర మరీ జాగ్రత్తగా చూడాలి. గట్టి దేనికైనా తగిలిన బాణం ముందు పగిలేది అక్కడే, పైకి కనిపించకుండా పగులుతుంది. అలాంటి పుల్ల వింటి మీద విరిగితే ఎడమచేతిలోకి దిగుతుంది. ఇప్పుడు చెల్లెమ్మ కూడా విల్లు పడుతోందన్నావు కాబట్టి ఈ పరీక్ష ప్రతి రోజూ, మొదటి బాణం వేసే ముందు చెయ్యండి.

తర్వాత వంకర. బాణాన్ని కంటికి ఆనించి, వెలుతురు వైపు చూస్తూ నెమ్మదిగా తిప్పితే ఎక్కడ వంగిందో తెలుస్తుంది. ఇంకో పద్ధతి, రెండు గోళ్ల సందున పుల్లని ఆనించి బొంగరంలా తిప్పడం. తిన్నని పుల్ల గోళ్ల మీద మెత్తగా తిరుగుతుంది, వంకరది గడగడలాడుతుంది. కొద్దిపాటి వంకరని గ్యాస్ పొయ్యి మంటకి ఎత్తుగా పట్టి, చెయ్యి పెడితే భరించలేనంత వేడయ్యాక, ఉబ్బిన వైపు అరచేతి మడమతో నొక్కి చల్లారేదాకా అలాగే పట్టుకుంటే సరవుతుంది. మాడనివ్వకు. ఒకసారికి పోకపోతే మరోసారి చెయ్యి, బలవంతం మాత్రం వద్దు. ఈకలకి మంట సెగ తగలకుండా చూసుకో.

వెనక గాడి తిన్నగా అతుక్కుందో లేదో కూడా ఇప్పుడే తేల్చాలి. మొనని ఏదైనా నున్నని పలక మీద ఆనించి బాణాన్ని నిలబెట్టి తిప్పు. గాడి కొస ఒకే చోట తిరగాలి. చిన్న వలయం గీస్తున్నట్టు కనిపిస్తే అది వంకరగా కూర్చుంది. కొంచెం వంకర మొనకన్నా కొంచెం వంకర గాడి ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే నారి తోసేది దాన్నే, ఆ తోపు పుల్ల మధ్యగా పోకుండా పక్కకి తిరుగుతుంది. నారి మీద గాడి పట్టు ఎంత ఉండాలంటే, బాణాన్ని నారికి వేలాడదీస్తే పడిపోకూడదు, నారిని వేలితో తడితే ఊడిపోవాలి. ప్లాస్టిక్ గాడి మరీ బిగువుగా ఉంటే నారి దాన్ని వదిలేటప్పుడు తోకని లాగేస్తుంది. అప్పుడు బాణం ఎంత మంచిదైనా ఊగుతూనే బయల్దేరుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు పంపిన మూడో ఫోటోలో వెనక నుంచి తీసిన గాడులు కనిపిస్తున్నాయి. కనీసం రెండు బాణాల్లో చెక్క గీతలు గాడికి సమాంతరంగా, అంటే నిలువుగా ఉన్నాయి. అవి అడ్డంగా ఉండాలి. బాణాన్ని వింటి మీద పెట్టినప్పుడు గాడి నిలువుగా ఉంటుంది కదా, కొస మీది వార్షిక వలయాల గీతలు దానికి అడ్డంగా, నేలకి సమాంతరంగా కనిపించాలి. అప్పుడు వింటి పక్కకి ఆనేది సన్నని తిన్నని గీతలుండే వైపు. చెక్క ఎక్కువ బిరుసుగా ఉండేది ఆ దిశలోనే, ఒక పుల్లకీ ఇంకో పుల్లకీ ఎక్కువ తేడా రాకుండా ఉండేదీ అందులోనే. పైనా కిందా వెడల్పు గీతలు, కోసుగా ముగిసేవి, కనిపిస్తాయి. పైవైపు కనిపించే ఆ కోసులు మొన వైపుకి చూస్తుండాలి. గీతలు పుల్లలోంచి బయటికి వెళ్లిపోయే చోటే అది చీలుతుంది. కోసులు ముందుకి చూస్తుంటే చీలిన వెనక ముక్క పైకి లేస్తుంది, నీ చేతిలోకి రాదు. ఆ రెండింటి గాడులూ తీసేసి మళ్లీ పెట్టు. ఈకలు కూడా పీకాల్సి వస్తుంది, తప్పదు.

గీతలు ఎటున్నాయో అంతగా పట్టించుకోవడం దేనికంటే, బాణం తిన్నగా పోదు. వేళ్ల మీద నుంచి జారేటప్పుడు నారి కొద్దిగా పక్కకి జరుగుతుంది, వెనక నుంచి ఒక్కసారిగా తోపు పడుతుంది, ముందున్న మొన బరువుగా ఉండి అంత త్వరగా కదలదు. మధ్యలో పుల్ల వంగుతుంది. అటు వంగి, ఇటు వంగి, ఆ వంపులోనే వింటి పిడిని తాకకుండా చుట్టి బయటపడుతుంది, తర్వాత కొన్ని గజాల పాటు అలా కొట్టుకుని సర్దుకుంటుంది. రాకెట్ శాస్త్రవేత్త గొడార్డ్‌తో కలిసి పనిచేసిన క్లారెన్స్ హిక్‌మన్ 1930లలో అతివేగ చిత్రాలు తీసి ఈ వంపుల్ని కళ్లకి కట్టినట్టు చూపించాడు. ఆయనా, ఇంకా నాగ్లర్, క్లాప్‌స్టెగ్ విలువిద్య మీద రాసిన వ్యాసాలు 1947లో పుస్తకంగా వచ్చాయి. నీ వింటికి పక్కన కోసిన గూడు మధ్యదాకా రాదు కదా, బాణం పిడిని చుట్టి పోవాల్సిన దూరం ఎక్కువ. కాబట్టి సరైన మోతాదులో వంగే పుల్ల నీకు మరీ అవసరం. ఎక్కువ వంగితే మెతక అంటాం, తక్కువ వంగితే బిరుసు. కుడిచేతి వాటం వాళ్లకి మెతక బాణం కుడికి పోతుంది, బిరుసుది ఎడమకి. నీ డజనులో రెండు రకాలూ ఉన్నాయని నా అనుమానం.

తేల్చుకోవడానికి ఈకల్లేని పుల్ల వేసి చూడాలి. ఒక పుల్లకి ఈకలు పూర్తిగా తీసేసి, మిగతావన్నీ, అంటే పొడవూ మొనా వార్నిషూ, మిగిలిన వాటిలాగే ఉంచు. ఈకల బరువుకి సరిపడా వెనక కాస్త టేపు చుట్టు. పది, పన్నెండు గజాల దగ్గర నిలబడు, అంతకన్నా దూరం వద్దు. గడ్డిమోపు మెత్తగా ఉండాలి, ఎందుకంటే ఈకలు లేని పుల్ల వాలుగా దిగితే విరుగుతుంది. మొదట ఈకలున్న బాణాలు కొన్ని వేసి అవి ఎక్కడ గుమిగూడాయో చూసుకో. తర్వాత ఈకల్లేనిది వెయ్యి. అది గుంపుకి ఎంత దూరంలో, ఏ పక్కన పడిందనేదే లెక్క. ఎటు వాలి నిలబడింది అనేది నమ్మకు. గడ్డి పరకలు పుల్లని ఎటు తిప్పితే అటు వాలుతుంది. వేళ్లు సరిగా వదల్లేదని నీకే అనిపించిన బాణాన్ని లెక్కలోంచి తీసెయ్యి, ఎందుకంటే వేళ్లు లాగి వదిలినా మెతకబాణం లక్షణాలే కనిపించవచ్చు.

పక్కల సంగతి చూసేముందు పైకీ కిందకీ చూడు. ఈకల్లేనిది గుంపుకి బాగా కింద పడితే నారి మీద గాడి పెట్టే చోటు మరీ ఎత్తులో ఉంది, పైన పడితే మరీ కిందుంది. లంబకోణం కన్నా అర అంగుళం పైనుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా దించుకుంటూ రా. కిందనుంచి పైకి వెళ్లకు, ఎందుకంటే గాడి మరీ కిందుంటే బాణం తాను ఆనే షెల్ఫ్ మీద కొట్టుకుని ఎగిరి, పైన ఉన్నదానిలాగే నిన్ను మోసం చేస్తుంది. పిడి నుంచి నారికి ఉండే దూరం కూడా కొలు. నీ పొడుగు వింటికి ఆరున్నర, ఏడున్నర అంగుళాల మధ్య ఎక్కడో చప్పుడు తగ్గి నెమ్మదించే చోటుంటుంది. కొత్త నారి సాగి ఆ దూరం తగ్గిపోతుంది, నాలుగు మెలికలు తిప్పితే పెరుగుతుంది. ఇక్కడ నువ్వు వాడిన నారి ఇంకా అదేనా? అయితే ముందు దాన్ని చూడు.

ఇప్పుడు ఫోటోలోని ఆ మెరుపు గురించి. పుల్లలు అద్దంలా ఉన్నాయి బావా. ‘గంటల తరబడి సాండ్ పేపర్ వేశాను’ అని గర్వంగా రాశావు, పనితనం చూస్తే నిజంగా ముచ్చటేసింది. కానీ నా అనుమానమంతా అక్కడే. పుల్ల బిరుసు దాని మందంతో పాటు పెరగదు, మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. నువ్వు తీసుకెళ్లినవి అంగుళంలో 32వ వంతులు 11, అంటే సుమారు 8.7 మిల్లీమీటర్లు. అందులోంచి చుట్టూ కలిపి 0.2 మిల్లీమీటరు తరిగితే చాలు, బిరుసు దాదాపు తొమ్మిది శాతం పోతుంది. 50 పౌండ్ల బిరుసుదని గుర్తు వేసి అమ్మిన పుల్ల 45, 46కి దిగిపోతుంది. చేత్తో రుద్దినప్పుడు ఒక పుల్లకి ఎక్కువ, ఒక పుల్లకి తక్కువ, ఒకే పుల్లలో నడుమ ఎక్కువ, కొసల దగ్గర తక్కువ. కొన్నప్పుడు జోడు కుదిరిన డజను ఇప్పుడు పన్నెండు వేరువేరు బాణాలైపోయి ఉంటుంది. సగం కుడికీ కొన్ని ఎడమకీ పోవడానికి ఇంతకన్నా సూటి కారణం నాకు తోచడం లేదు.

ఇది అనుమానమే, కొలిచి తేల్చుకో. ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక బల్లచెక్కకి 26 అంగుళాల దూరంలో రెండు మేకులు కొట్టి, వాటి మీద పుల్లని ఆనించు. సరిగ్గా నడుమ రెండు పౌండ్ల బరువు వేలాడదియ్యి. రెండు పౌండ్లంటే 907 గ్రాములు, ఒక సంచిలో ఇసక పోసి కిరాణా కొట్లో తూకం వేయించుకో. పుల్ల ఎన్ని మిల్లీమీటర్లు కిందకి దిగిందో చూసి, 660ని ఆ అంకెతో భాగించు. వచ్చేదే దాని బిరుసు కొలత, అంటే స్పైను, పౌండ్లలో. 13.2 దిగితే 50, 16.5 దిగితే 40. ఇక్కడ చెక్క బాణాలకి వాడే కొలత ఇదే. కార్బన్ బాణాల పెట్టెల మీద రాసే అంకెలు వేరే దూరంతో, వేరే బరువుతో తీసినవి, వాటితో పోల్చుకోకు. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే రెండు పౌండ్ల తేడా వస్తుంది. స్కేలుకి కన్ను ఎదురుగా పెట్టు, అన్నిటినీ ఒకే పూట కొలు. కచ్చితమైన అంకె తప్పినా ఫరవాలేదు, వాటి మధ్య తేడా దొరికితే చాలు. గాడి అడ్డంగా ఉండేట్టు పడుకోబెట్టి కొలవడం మరిచిపోకు. బాణం వింటి మీద వంగే దిశలోనే బరువు పడాలి.

కొలతలు వచ్చాక పన్నెండింటినీ ఒకే జట్టు చెయ్యాలని పట్టుబట్టకు. అయిదు పౌండ్లలోపు తేడా ఉన్నవాటిని ఒక్కో జట్టుగా పెట్టుకుంటే రెండు మంచి జట్లు వస్తాయి. ఒకటి నీకు, రెండోది బహుశా చెల్లెమ్మ వింటికి. ఆవిడ లాగేది తక్కువ బరువు కాబట్టి మెతకవి ఆవిడకి సరిగ్గా సరిపోవచ్చు. బరువు కూడా చూడు. కంసాలి త్రాసులో తూచి, పది గ్రెయిన్లలోపు, అంటే సుమారు 0.65 గ్రాము లోపు ఉన్నవాటిని కలుపు. పక్కల తేడా రాకపోయినా దూరం పెరిగేకొద్దీ బరువు తేడా పైనా కిందా కనిపిస్తుంది.

మెతక అని తేలినవాటికి మొదట తేలిక మొన పెట్టి చూడు. నీ 125 గ్రెయిన్లది తీసి 100ది పెడితే కొంత బిరుసెక్కుతుంది. అదీ చాలకపోతే ముందు కొస నుంచి పావు అంగుళం చొప్పున కోసుకుంటూ రావచ్చు. ఒక అంగుళం తగ్గితే సుమారు అయిదు పౌండ్ల బిరుసు వచ్చినట్టు లెక్క. నీ పుల్లలు 29 అంగుళాలు, నువ్వు లాగేది 27. కోయడానికి చోటుంది, కానీ పూర్తిగా లాగినప్పుడు మొన వింటి ముందు ఒక అంగుళమైనా మిగలాలి. బిరుసువాటికి దీనికి ఎదురు చెయ్యి. 145 లేదా 160 మొన పెట్టు. ఆ బరువు మొనలు ఇక్కడ నా దగ్గర ఉన్నాయి, అంకెలు రాస్తే పంపిస్తాను. నడుమ ఇంకా రుద్ది మెతక చేయొచ్చుగానీ, ఇంతవరకూ రుద్దింది చాలు. ఏం మార్చినా ఒక్కటే మార్చు, మళ్లీ వేసి చూడు, రాసుకో. మొనా, నారీ, గాడీ ఒకే సాయంత్రం మార్చినవాడికి బాణం బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మళ్లీ చెడిపోతే మొదటికే వస్తాడు.

ఒక మెలిక ఉంది. మరీ మెతక బాణం తోక వింటి పక్కకి తగిలి ఎడమకి ఎగిరిపోతుంది, బిరుసుదేమో అనిపిస్తుంది. నీ ఎడమవాటిలో కొన్ని అలాంటివి కావచ్చు. షెల్ఫ్ మీదా, వింటి పక్కనా టాల్కం పౌడరు పల్చగా అద్ది రెండు బాణాలు వెయ్యి. ఎక్కడ గీత పడిందో అక్కడ తగులుతోంది. తగలకుండా పోతే ఎడమ అంటే ఎడమే, తగిలితే ఆ ఫలితాన్ని పక్కనపెట్టు. ఎగిరేటప్పుడు చిన్నచిన్నగా, త్వరత్వరగా అదిరే తోక కూడా ఈ తాకుడు వల్లనే. మెల్లగా వెడల్పుగా ఊగేది వేరే జబ్బు. పౌడరు పరీక్షలో ఈక మాత్రమే తగులుతోందని తేలితే బేసి ఈకని కాస్త తిప్పి అతికించాలి. నువ్వు ఎడమ రెక్క ఈకలూ కుడి రెక్క ఈకలూ ఒకే బాణానికి కలిపి అతికించలేదని అనుకుంటున్నాను. రెండింటి వంపూ వేరు. ఒకటి బాణాన్ని ఇటు తిప్పమంటుంది, రెండోది అటు. ఈక కింది గరుకు వైపు చూస్తే తెలిసిపోతుంది.

వాతావరణం సంగతి కూడా రాయాలి. మనం ఇక్కడ వేసవిలో చేసుకున్నప్పుడు గాలి పొడిగా ఉండేది. మీ గోదావరి గట్టున వానాకాలంలో చెక్క తేమ తాగుతుంది. తాగిన చెక్క బరువెక్కుతుంది, మెతకబడుతుంది, ఒక పక్క ఎక్కువ తాగితే వంగుతుంది. వార్నిష్ ఒంటికంతా బాగానే వేశావు. రెండు కొసల సంగతేమిటి? మొన లోపల దాక్కునే చోటా, గాడి కింది చోటా చెక్క నోరు తెరుచుకుని ఉంటుంది, తేమ ఎక్కువగా దిగేది అక్కడే. మొనలు తీసినప్పుడు ఆ కొసలకి పల్చగా పూసి, ఆరాకే మళ్లీ అతికించు. బాణాల్ని గోడకి జారగిలేయకు. నిలువుగా వేలాడదియ్యి, లేదా సమంగా పడుకోబెట్టు. వింటిని కూడా ఎండలో నిలిపిన కారులో వదలకు. పొరలు అతికించిన జిగురు మీ ఎండలకి ఊడితే ఎంత బాధగా ఉంటుందో ఊహించలేను.

‘ఇక్కడి మామూలు చెక్కతో చేస్తే ఇంకా చెడిపోతాయేమో’ అన్న బెంగ నీ ఉత్తరంలో కనిపించింది. నీ పుల్లలు చేసిన పోర్ట్ ఆర్ఫర్డ్ సీడార్ చెక్క అంటే నాకూ ప్రాణమే. కోసినప్పుడు అల్లంలా ఘాటుగా వచ్చే ఆ వాసన, బరువుకి మించిన ఆ బిరుసు ఇంకో చెక్కలో చూడలేదు. ఆరెగన్ నైరుతి తీరానా, దానికి ఆనుకున్న కాలిఫోర్నియా కొసనా తప్ప సొంతంగా ఎక్కడా పెరగని చెట్టు అది. వేరుకుళ్లు తెగులు సోకి ఆ అడవులు దశాబ్దాలుగా నష్టపోతున్నాయి, మంచి పుల్లలు దొరకడం మాకే కష్టమవుతోంది. అయినా మంచి బాణానికి ఆ చెట్టే ఉండాలన్న నియమం లేదు. ఇంగ్లండులో 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో సుమారు 3,500 బాణాలు దొరికాయి, వాటిలో ఎక్కువ భాగం పాప్లర్ చెక్కవి. అది గొప్ప చెక్కేమీ కాదు, తేలికది, సులభంగా దొరికేది. ఆ కాలపు బరువైన విళ్లకి అవే చాలాయి. జోడు కుదిరిందా లేదా అన్నది తేలాకే చెక్క పేరు సంగతి.

పైగా నీ చుట్టూ వెదురు ఉంది. పాపికొండల్లో కొండరెడ్లు తరతరాలుగా విల్లూ బాణమూ చేసుకుంటూ వచ్చినవాళ్లు, ఆ చేతుల్లో ఉన్న విద్యని వీలైతే ఒకసారి దగ్గర నుంచి చూసిరా. మన దేశంలో వెదురు వింటితో 50 మీటర్లూ 30 మీటర్లూ వేసే ఇండియన్ రౌండ్ పోటీలు కూడా ఉన్నాయి. విజయవాడలో విలువిద్య నేర్పే చోట్ల అడిగితే బాణం పుల్లలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్లు దొరకవచ్చు. వెదురు సహజంగానే ఒక కొసకి సన్నబడుతుంది, దానికి చుట్టూ ఒకే బిరుసు ఉండదు. అదే మేకుల బల్ల మీద తిప్పితిప్పి కొలిచి, ఎక్కువ బిరుసున్న వైపుని వింటికి ఆనేట్టు గాడి కోయాలి. కణుపుల దగ్గర ఉబ్బుని రుద్దితే సరిపోతుంది, మిగతా చర్మం మీద చెయ్యి వెయ్యకూడదు. దాని బలమంతా ఆ పైపొరలోనే ఉంది. దీని గురించి వివరంగా ఇంకో ఉత్తరం రాస్తాను, ముందు ఈ డజను సంగతి తేలనీ.

నాకు కావల్సింది ఇది. పన్నెండు పుల్లల అంకెలు, ఒక్కోటి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందీ, ఒక్కోదాని బరువు, నడుమా రెండు కొసలా మందం, గాడి గీతలకి అడ్డంగా ఉందా లేదా. ఈకల్లేని పుల్ల గుంపుకి ఎటు, ఎన్ని అంగుళాలు పడింది. పిడి నుంచి నారికి దూరం. చెల్లెమ్మ రాసిన కాగితం ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పంపు, నువ్వు శుభ్రంగా తిరగరాయకు. దీపావళికి ముందే అందితే ఏ బాణానికి ఏ మొన పెట్టాలో లెక్కవేసి, ఇక్కణ్ణుంచి వచ్చే మా పెద్దన్నయ్య చేతికిచ్చి పంపుతాను. ఆయన నవంబరు మధ్యలో హైదరాబాదులో దిగుతాడు.

మావయ్యగారికీ అత్తయ్యగారికీ నా నమస్కారాలు. చెల్లెమ్మని ఎడమ ముంజేతికి తోలు పట్టీ కట్టుకోమను, ఫోటోలో లేదు.

ఉంటాను.

నీ బావ